దుంగల డిపోలో కారే చుక్క

మెదక్ నుంచి హవేలిఘనపూర్ పోయే తోవలో, ఊరు దాటగానే ఎడమ పక్క ఒక దుంగల డిపో ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటిందంటే ఆ గేటు ముందు ఎవరూ మెల్లగా నడిచేవాళ్లు కాదు.

అది కీడు జాగా అనేవాళ్లు. రాత్రిపూట లోపల నెత్తురు కారే చప్పుడు వినబడుతుందనేవాళ్లు. మొదట ఎవరన్నారని నన్ను అడగకండి. డిపోకు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం నాదే. ఏ మాటైనా నా గల్లా ముందు, ఉప్పు పొట్లం కట్టించుకునేంతసేపు ఆగి, ఆ తర్వాతే ఊళ్లోకి పోయేది.

మిషన్ కాంపౌండు వాళ్లు దయ్యాలు లేవంటారు. సరే. మరి చర్చి నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, మా దుకాణం దాకా ముచ్చట్లు పెట్టుకుంటూ వచ్చి, డిపో గేటు రాగానే గొంతెత్తి కీర్తన ఎందుకు అందుకుంటారు? గేటు దాటగానే ఆ కీర్తన సగంలో ఎందుకు ఆగుతుంది? ఒకసారి యేసమ్మ టీచరమ్మను అడిగాను. "దమ్ము సాలలేదు సేటూ" అన్నది.

మావాళ్లు తక్కువ తిన్నారా? డిపో కావలి వీరయ్య మొలకు మూడు తాయత్తులు కట్టుకుని, చేతిలో నిమ్మకాయ పట్టుకుని రాత్రంతా కావలి కాసేవాడు — తన ఇంట్లో, తలుపుకు గడియ పెట్టుకుని.

ఇంత భయానికి కారణం ఒక ట్రాక్టరు.

అడవిలో నరికిన దుంగలను గొలుసులతో కట్టి బాట మీదికి ఈడ్చే బండి అది. యుద్ధం నాటిది. కంట్రాక్టరు మిలిట్రీ వేలంలో కొన్నాడు. చక్రాల బదులు ఇనుప పట్టాలు, నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరినో కుమ్మబోతున్నట్టు ముందుకు వంగి ఉండేది. జనం దానికి దున్నపోతు అని పేరు పెట్టారు. దాన్ని నడిపేవాడు ఎల్లం.

ఎల్లానికి ఆ బండంటే పానం. పొద్దుగూకితే దానికి ఆయిలు చూసి, తక్కువుంటే పోసి, గుడ్డతో తుడిచి గానీ ఇంటికి పోయేవాడు కాదు. "ముందుగాల దానికి తాగ పొయ్యాలె. గటెన్కనే నాకు ముద్ద" అనేవాడు. పెళ్లాం బాలమణికి ఒక ఇనుప సవతి ఉందని నేను ఆమె ముందరే అన్నాను. ఆమె నవ్వింది. అప్పుడు నవ్వేది.

అరవై ఐదులో, ఎండాకాలం, దున్నపోతుకు ఆయిలు కారడం మొదలైంది. యోసేపును పిలిపించారు.

యోసేపు మిషన్ కాంపౌండు మనిషి, మెకానిక్కు. నోట్లో నుంచి మాట రావాలంటే దానికి గూడ స్పానరు కావాలి. చేతులు మాత్రం మంచివి. బండి విప్పి, ఆయిలు బయటికి రాకుండా ఆపే తోలు సీలు అరిగిపోతే దాన్ని తీసి, కొత్త తోలు కోసి బిగించాడు. పోయేటప్పుడు ఎల్లానికి ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. మా దుకాణం ముందే, బీడీ ముట్టించుకుంటూ చెప్పాడు.

"కొత్త తోలు నానేదాక జర చుక్క చుక్క కారుతది. కారనియ్యి. బ్రేకు గూటి అడుగున బొక్క ఉంది సూడు... గది దానికి ముక్కు. కారిన ఆయిలు గా బొక్కలకెళ్లి కిందికి పోవాలె. పోకుంటే బ్రేకుకు అంటుతది. నువ్వు పరేషాన్ గాకు."

"మంచిదన్నా" అన్నాడు ఎల్లం.

ఆరో నాడు ఎల్లం చచ్చిపోయాడు.

డిపోలో ఒక మిట్ట ఉంది. దుంగను దాని మీదికి ఈడ్చి, బ్రేకు వేసి, గొలుసు విప్పడానికి బండి వెనక్కు పోయాడు. బ్రేకు పట్టలేదు. దున్నపోతు మెల్లగా... తొందరేమీ లేనట్టు... వెనక్కు జారింది. వెనక దుంగ. నడుమ ఎల్లం.

నలుగురు చేరి బ్రేకు గూటి మీది మూత విప్పి చూశారు. పట్టీలు ఆయిల్లో నానుతున్నాయి. "యోసేపు చేసిన రిపేరు గిది!" అన్నాడు కంట్రాక్టరు. అందరూ అదే అన్నారు. కిందికి వంగి చూసినవాడు ఒక్కడూ లేడు. విప్పిన మూతను బిగించినవాడు గూడ లేడు. ఊరికే పైన పెట్టి పోయారు.

బాలమణి మిషన్ కాంపౌండుకు పోయి, యోసేపు వాకిట్లో నిలబడి, రెండు చేతులతో దుమ్మెత్తి పోసింది. యోసేపు తల మీద మన్ను పడుతుంటే నోరు తెరవలేదు. అతని భార్య ఎలిశిబా అతన్ని లోపలికి గుంజుకుపోయింది.

ఆ తర్వాత అతనికి మోటార్లు ఇచ్చినవాడు లేడు. సైకిలు పంక్చర్లు అతికేవాడు. అవి గూడ తక్కువే. యోసేపు ముట్టుకుంటే బ్రేకు గూడ యేసు మీద భారం వేస్తదని ఊళ్లో ఒక మాట పుట్టింది. మంచి మాట. బాగా తిరిగింది. నా గల్లా ముందే పుట్టింది.

దున్నపోతును మళ్లీ ఎవరూ ముట్టలేదు. ఎల్లాన్ని చంపిన చోటనే నిలబడి తుప్పు పట్టింది.

కాని... ఆయిలు కారడం ఆగలేదు.

ఇంజను తిరగదు. ఎవరూ దగ్గరికి పోరు. మూడు ఎండాకాలాలు గడిచాయి. ఎంత ఆయిలున్నా ఎప్పుడో ఇంకిపోవాలి. అయినా ప్రతి అమావాస్య మర్నాడు దాని కింద మన్ను మీద నల్లటి తడి — కొత్త తడి. చెవి పెడితే చప్పుడు.

టప్...

టప్...

ఎల్లం నెత్తురు నల్లబడి కారుతుందన్నారు. వీరయ్య నాలుగో తాయత్తు కట్టుకున్నాడు.

అరవై ఎనిమిదిలో కంట్రాక్టరు బండిని పాత ఇనుము కింద అమ్మేశాడు. హైదరాబాద్ నుంచి లారీ వస్తుంది, గ్యాసుతో కోసి ముక్కలు తీసుకుపోతారు అన్నారు. అది వచ్చే రోజుకు ముందటి రోజు అమావాస్య.

ఆ సాయంత్రం యోసేపు మా దుకాణానికి వచ్చాడు. మూడేళ్ల తర్వాత రావడం. చేతిలో లాంతరు, చంకలో పనిముట్ల సంచి.

"అగ్గిపెట్టె" అన్నాడు.

"ఏం యోసేపూ, గేటు దాటాల్నా? కీర్తన యాదికుందా?" అన్నాను.

నవ్వలేదు. "గేటు దాటుడు గాదు. లోపటికి పోత. రేపు దాన్ని కోస్తరంట గద. గంతకుముందే సీలు సూడాలె."

"చచ్చినోడు చచ్చె. ఇప్పుడు సీలు చూసి ఏం జేస్తవు?"

అగ్గిపెట్టెను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, నేను అతని నోట ఎన్నడూ విననన్ని మాటలు చెప్పాడు.

"తోలును ఒక రాత్రంత ఆయిల్ల నానబెట్టాలె సేటూ. కంట్రాక్టరు తొందర వెట్టిండు. రెండు గంటలే నానబెట్టిన. ఎండు తోలు బిగిస్తె చినుగుతది. చినిగితే ఆయిలు చుక్క గాదు, ధారనే. గంత ఆయిలు ముక్కుకెళ్లి గూడ బయటికి పోదు. మూడేండ్ల సంది గా రెండు గంటలే నాకు కండ్లల్ల తిరుగుతున్నయి. చినిగి ఉంటె... బాలమణి అన్నదే నిజం. నా చేతులతోనే చంపిన."

"చినగకపోతే?"

"చినగకపోతే నిద్ర పోత."

అక్కడ జరిగింది నేను చూడలేదు. తెల్లారి యోసేపు చెప్పాడు. విన్నది విన్నట్టు చెప్తున్నాను.

వీరయ్య గేటు తాళం తీశాడు. "నేను గీడనే ఉంట, కేకేస్తె వస్త" అన్నాడు. యోసేపు పది అడుగులు వేసి తిరిగి చూస్తే గేటు దగ్గర తాళంచెవి ఉంది, వీరయ్య లేడు.

చీకటి. రెండు పక్కలా దుంగల గుట్టలు. ఏదో ఎలుక పరుగెత్తింది. నడుమ బాట చివర, మిట్ట మీద, దున్నపోతు. ముందుకు వంగి.

లాంతరు వెలుగు దాని మీద పడేసరికి యోసేపు కాళ్లు ఆగాయి. కీర్తన నోటికి రాలేదట. ఆ చోట పాడితే ఎల్లం వింటాడేమో అనిపించిందట.

టప్...

దగ్గరికి పోయాడు. మన్ను మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి జరిగాడు. ఎల్లం పడిన చోటుకు మూరెడు దూరం.

బ్రేకు గూటి అడుగున ఆ బొక్క ఉంది. దాని అంచు నుంచే కారుతుంది — చుక్క ఊరి... వేలాడి... టప్. కాని బొక్క తెరిచి లేదు. దాంట్లో ఏదో ఉంది. పచ్చగా, గట్టిగా. మేకులాగా దిగ్గొట్టి ఉంది. ఎండకు ఎండి సన్నబడ్డది, పక్కనుంచి ఆయిలు జారుతుంది.

"ముక్కు మూసిండ్రు" అనుకున్నాడు యోసేపు. చెయ్యి పైకెత్తాడు.

అప్పుడు వినబడింది.

అడుగుల చప్పుడు.

మెల్లగా... చెప్పులు లేని అడుగులు. దుంగల సందు నుంచి, గేటు వైపు నుంచి కాదు — అడవి వైపు కంచె నుంచి. వీరయ్య అటు నుంచి రాడు. వీరయ్య ఎటు నుంచీ రాడు.

యోసేపు లాంతరు ఊదేశాడు.

అడుగులు దగ్గరికి వచ్చాయి. ఆగాయి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో రెండు పాదాలు, చీకట్లో చీకటిలాగా.

పైన ఇనుప మూత కదిలింది... కిర్ర్...

గుడ... గుడ... గుడ...

 యోసేపు తల మీదుగా, ఇనుప గూటిలో, ఏదో నిండుతుంది. ఆ పైన గుసగుస.

"తాగు..."

బొక్క అంచున చుక్క ఊరింది. అతని చెంప మీద పడింది. టప్.

"తాగయ్యా... ఎల్లం... ఇయ్యాల ఆఖరు."

వేడిగా ఉందా చల్లగా ఉందా అని అడిగాను. తెలవలేదు అన్నాడు.

"రేపు గీన్ని గూడ కొండవోతరంట. ఇగ నీకు సాక యాడ పొయ్యాలె? యాడ పొయ్యాలెనో నువ్వే చెప్పు..." గొంతు ఆగింది. మళ్లీ, పళ్ల నడుమ నుంచి వచ్చింది. "ఆ యోసేపు చేతులు పడిపోను. వాని చేతులు పుచ్చిపోను. ప్రతి అమాసకు అంటున్న, నువ్వు ఇంటున్నవా?"

యోసేపు ఆ గొంతును గుర్తుపట్టాడు.

మా దిక్కు చచ్చినవాళ్లు తాగాలని కల్లు ధార పోస్తారు, సాక అంటారు. బాలమణి గూడ మొదటి అమావాస్యకు కల్లే పోసిందట. ఆ రాత్రి ఎల్లం కలలోకి వచ్చి, "నాకెందుకే, ముందుగాల దానికి పొయ్యి" అన్నాడట. అప్పటి నుంచి బస్సు మెకానిక్కుల దగ్గర కాలిన ఆయిలు అడుక్కుని, సీసాకు పోసుకుని, అమావాస్య అమావాస్యకు కంచె సందులో నుంచి వచ్చేది. ఏ మూతలో పోయాలో ఆమెకు ఎవరు చెప్పారు? తెరిచి ఉన్న మూత ఒక్కటే. బ్రేకు గూడు. ఏ గూట్లో ఆయిలు నిండి మొగుడు చచ్చాడో, ఆ గూట్లోనే మూడేళ్లుగా ఆయిలు పోస్తుంది, మొగుడు తాగుతాడని.

ఊరంతా భయపడ్డ నెత్తురు అదీ.

యోసేపు కదలకుండా పడుకుంటే ఆమె పోయేది. తాను చూసేది చూసుకుని ఇంటికి పోయేవాడు. కాని చేతులు పుచ్చిపోవాలని ఆమె అంటుంటే ఆ చెయ్యే ముందు కదిలిందట. బొక్కలో ఉన్నదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని గట్టిగా గుంజాడు.

గూట్లో ఉన్న ఆయిలంతా ధారగా మన్ను మీద పడింది.

బాలమణి చేతిలో సీసా జారి పగిలింది. "ఎల్లం!" అన్నది. అరవలేదట. పిలిచిందట.

"ఎల్లం గాదమ్మా... నేను... యోసేపును."

 బండి కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి లాంతరు ముట్టించాడు. ముఖం నిండా ఆయిలు. ఆమె పారిపోలేదు.

"ఇంకేం మిగిలిందని వచ్చినవు?" అన్నది.

యోసేపు బండి వైపు తిరిగాడు. మూతలో నుంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమాడు. సీలు వేళ్లకు తగిలింది. చుట్టూ తిప్పి చూశాడు, రెండోసారి గూడ తిప్పాడు. మెత్తగా, నిండుగా, పసిపిల్ల చెవి తమ్మెలాగా ఉంది. ఎక్కడా చీలిక లేదు.

"చినగలేదు" అన్నాడు. అక్కడే మన్ను మీద కూలబడ్డాడు. "బాలమణమ్మా... చినగలేదు. ముక్కు మూసిండ్రు. గందుకే ఆయిలు బ్రేకుకు ఎక్కింది."

"ఎవలు మూసిండ్రు?"

అరచెయ్యి తెరిచాడు. పచ్చటి ముక్క, ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఆమె లాంతరు దగ్గరికి వంగింది. తీసుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"గిది సబ్బు" అన్నది.

"సబ్బే."

"బట్టలకు సబ్బు తెమ్మని తోలిన ఆయనను. సగం ముక్కనే తెచ్చిండు." ఆమె గొంతులో ఏడుపు లేదట. దానికే భయమేసింది అన్నాడు యోసేపు. "సగమేదయ్యా అంటే నవ్విండు. 'దున్నపోతుకు పడిశం వట్టింది, ఊరంత నవ్వుతున్నరు, ముక్కు మూసొచ్చిన' అన్నడు. నేను గూడ నవ్విన, అన్నా. నేను గూడ నవ్విన."

తెల్లారి నేను దుకాణం పలకలు తీసేసరికి ఇద్దరూ గల్లా ముందు నిలబడి ఉన్నారు. ఎదురుగా డిపోలో అప్పటికే లారీ వచ్చింది, గ్యాసు మంట చప్పుడు చేస్తుంది. నేను మీకు ఇప్పటిదాకా చెప్పిన రాత్రి సంగతంతా యోసేపు చెప్పాడు. చెప్పి, ఆ సబ్బుముక్కను నా త్రాసు పక్కన పెట్టాడు.

బాలమణి నా ముఖం చూసింది.

"సేటూ, మా ఆయనకు గసుంటి మాటలు రావు. దున్నపోతుకు పడిశమంట, ముక్కు మూసుడంట... గది ఆయన సొంత మాట గాదు. ఎవలో అన్నది పట్టుకొచ్చిండు. నీ దుకాణంలనే గద సబ్బు కొన్నది. గప్పుడు ఈడ ఎవలున్నరు? ఎవలన్నరు గా మాట?"

మా దుకాణంలో సబ్బు కడ్డీలుగా వస్తుంది. నేను తీగతో కోసి ముక్కలు అమ్ముతాను. నా చెయ్యి వంకర. నేను కోసిన ముక్క ఎప్పుడూ ఒక కొస లావు, ఒక కొస సన్నం.

ఎల్లం ఆ రోజు ముక్క తీసుకుంటుంటే, కొట్టు నిండా మనుషులున్నారు. అప్పటికి నాలుగు రోజులుగా బండి కింద చుక్క పడుతూనే ఉంది. యోసేపు చెప్పిన ముక్కు మాట నాకు నోట్లో ఊరుతుంది. "ఏం ఎల్లం, నీ దున్నపోతుకు పడిశం తగ్గలేదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఎల్లం ముఖం ఎర్రబడింది. వాళ్లు నవ్వుతుంటే నాకు హుషారొచ్చింది. ముక్కను తీగతో నిలువునా సగం చేసి, ఒక సగం అతని చేతిలో పెట్టి, "పో, గీ సబ్బుతోని ముక్కు మూసి రా, చీమిడి ఆగుతది" అన్నాను. అంతే. అది ముచ్చట. అట్లాంటి ముచ్చట్లు రోజుకు ఇరవై ఆడతాను.

"ఎవలన్నరు సేటూ?" అన్నది బాలమణి మళ్లీ.

"ఏమో బాలమణీ" అన్నాను. "మస్తు మంది వస్తరు, మస్తు మంది పోతరు. నాకేం యాదికుంటది?"

ఆమె తల ఊపింది. ఎటో చూస్తూ వెళ్లిపోయింది.

యోసేపు పోలేదు. సబ్బుముక్కను చూశాడు. గల్లా పక్కన వేలాడుతున్న తీగను చూశాడు. ఆ పక్కన ఆ పొద్దే నేను కోసి పేర్చిన ముక్కలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చెప్పాను గదా, తక్కువ మాట్లాడే మనిషి. సంచి భుజానికి వేసుకుని బయటికి నడిచాడు. ముక్కను మాత్రం అక్కడే వదిలిపెట్టాడు.

సబ్బు సంగతి యోసేపు ఒకరిద్దరికి చెప్పుకున్నాడట. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ మాట ఊళ్లోకి పోవాలంటే నా గల్లా ముందు నుంచే పోవాలి. నేను పోనివ్వలేదు. ఆ ఏడాదే అతను ఎలిశిబాను తీసుకుని అల్లాదుర్గ్ దిక్కు పోయాడు. పోయే ముందు రోజు వరకు పంక్చర్లే అతికాడు. బాలమణి ఇప్పటికీ మా దుకాణం ముందు నుంచే నడుస్తుంది, సబ్బు మాత్రం బజారుకు పోయి కొంటుంది.

డిపో లేదు ఇప్పుడు. దున్నపోతు లేదు. మిట్ట మీద నల్లటి మచ్చ మాత్రం వాన పడ్డా పోలేదు. జనం ఇంకా ఆ జాగా ముందు నుంచి తొందరగానే నడుస్తారు. దయ్యం ఉందా సేటూ అని అడుగుతారు. ఉందంటాను.

మా కిరోసిను డబ్బాకు ఒక నల్లా ఉంది. పగలు బాగానే ఉంటుంది. దుకాణం కట్టేసి, దీపం తగ్గించి పడుకున్నాక మొదలవుతుంది.

టప్...

"గా కొసకు జర సబ్బు పెట్టరాదు, ఆగుతది" అంటుంది మా ఆమె, పద్మమ్మ, నిద్రలోనే.

నేను లేచి కింద గిన్నె పెడతాను. వచ్చి పడుకుంటాను.

టప్...

కారనిస్తాను.